అతిథి వచ్చిన రాత్రి

నేను గోదావరిఖనిలో ఒక బడిలో సాంఘిక శాస్త్రం చెప్తాను. మా పిల్లల్లో ఎక్కువ మంది బాయి పనికి పోయేవాళ్ల పిల్లలు. పక్క మండలాల నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునే ఆదివాసీ పిల్లలు కొద్దిమంది ఉంటారు. నిరుడు ఎడారుల పాఠం చెప్తున్నప్పుడు అమెరికా నైరుతి మూలన ఎర్రరాతి ఎడారిలో ఉండే నవాహో ప్రజల మాట వచ్చింది. వాళ్లు హోగన్ అనే మట్టి ఇళ్లు కట్టుకుంటారని, ఇప్పుడు కొన్ని కుటుంబాలు బయటి మనుషులను ఒక రాత్రి ఆ ఇంట్లో ఉంచుకుని, తిండి పెట్టి, తమ సంగతులు చెప్పి పంపుతాయని, దానికి కొంత డబ్బు తీసుకుంటాయని చెప్పాను. ముందు వరసలో ఒక పిల్లగాడు పకపకా నవ్వాడు. “పైసలిచ్చి మట్టి ఇంట్ల పండుడా సార్?” అన్నాడు. క్లాసంతా నవ్వింది. వెనక కూర్చున్న గోండు పిల్ల మాత్రం నవ్వలేదు. “మా ఊర్లె దండారి వస్తే ఊరంతా అన్నం పెడ్తది. పైసలు అడగరు” అంది.

ఆ పిల్ల మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. నేనూ గోండు ఇంట్లోనే పుట్టాను. దండారి రాత్రులు నాకు కొత్త కాదు. కానీ ఒక రాత్రి బసకు కూడా చరిత్ర ఉంటుందని, దాన్ని రాసి పెట్టుకోవాలని అప్పటిదాకా నాకు తట్టలేదు. మన మీద వచ్చిన చరిత్ర పుస్తకాల్లో తిరుగుబాట్లు ఉంటాయి, చట్టాలు ఉంటాయి, కాల్పులు ఉంటాయి. ఇంటికి వచ్చిన మనిషిని మనం ఎట్లా లోపలికి పిలిచామో ఉండదు. అది ఉంటే ఎవరు అతిథిగా వచ్చారో, ఎవరు అతిథిలా వచ్చి ఇల్లు ఖాళీ చేయించారో కూడా తేలుతుంది.

ముందు ఆ ఎడారి సంగతి చెప్తాను, తర్వాత మన అడవికి వస్తాను.

నవాహోలు తమను తాము దినే అనుకుంటారు. అంటే జనం, మనుషులు అని. మనం కోయతూర్ అనుకున్నట్టే. అరిజోనా, న్యూ మెక్సికో, యూటా అనే మూడు రాష్ట్రాల్లో పరుచుకున్న వాళ్ల నేల 70 వేల చదరపు కిలోమీటర్ల దాకా ఉంటుంది. తెలంగాణలో సగానికి పైనే. కానీ అది సుఖంగా దక్కిన నేల కాదు. 1864లో అమెరికా సైన్యం వాళ్ల మొక్కజొన్న చేలు తగలబెట్టి, పీచ్ తోటలు నరికి, 8 వేలకు పైగా మనుషులను వందల మైళ్లు నడిపించి బోస్క్ రెడోండో అనే చోట నిర్బంధించింది. దారిలో చచ్చిపోయినవాళ్లు, అక్కడ ఉప్పునీళ్లు తాగి జబ్బుపడినవాళ్లు ఎంతోమంది. నాలుగేళ్ల తర్వాత, 1868లో, ఒప్పందం రాసుకుని తమ నేలకే తిరిగి నడిచారు. దాన్ని వాళ్లు ‘దూరపు నడక’ అంటారు. ఇప్పుడు హోగన్‌లో అతిథికి పెట్టే నూనెలో కాల్చిన రొట్టె ఆ నిర్బంధంలో పుట్టిందే. సర్కారు ఇచ్చిన పిండి, కొవ్వు తప్ప ఇంకేమీ లేని రోజుల్లో వాటితోనే చేసుకున్న రొట్టె అది. ఒక రాత్రికి వచ్చినవాడు లొట్టలు వేసుకుంటూ తింటాడు. దాని వెనక ఇంత కథ ఉందని ఇంటివాళ్లు చెప్తేనే తెలుస్తుంది.

హోగన్‌కు వాకిలి ఎప్పుడూ తూర్పుకే ఉంటుంది. పొద్దు పొడవగానే వెలుగు లోపలికి రావాలి. దుంగలు పేర్చి మీద మట్టి మెత్తుతారు. మధ్యలో పొయ్యి, పైన పొగ పోయే కంత. లోపలికి వచ్చినవాళ్లు పొద్దు తిరిగే దిక్కునే పొయ్యి చుట్టూ తిరిగి కూర్చోవాలి. అడ్డంగా దాటకూడదు. వాళ్ల కథల్లో గుంటనక్క లాంటి కయోటీ చేసే చిలిపి పనులు చాలా ఉంటాయి గానీ, ఆ కథలు చలికాలంలోనే చెప్పాలి. పాములు, ఎలుగుబంట్లు నిద్రలో ఉన్నప్పుడే. వేసవిలో వచ్చిన అతిథి ఎంత డబ్బు ఇచ్చినా ఆ కథ వినిపించకూడదనేది వాళ్ల కట్టు.

నాకు అన్నిటికంటే నచ్చింది వాళ్లు పరిచయం చేసుకునే తీరు. నవాహో మనిషి తన పేరు చెప్పి ఊరుకోడు. తల్లి వంశం, తండ్రి వంశం, తల్లికి తండ్రి వంశం, తండ్రికి తండ్రి వంశం, ఈ నాలుగూ చెప్తాడు. వంశాలు అరవైకి పైనే ఉన్నాయి. ఎదుటివాడి నాలుగింటిలో ఏదో ఒకటి కలిస్తే అన్న, చెల్లె, మేనమామ అనే వరుస అక్కడికక్కడే తేలిపోతుంది. తల్లి వైపు వంశం వాళ్లను, తండ్రి వైపు వంశం వాళ్లను పెళ్లి చేసుకోరు. ఇది చదివినప్పుడు నాకు మా తాత గుర్తొచ్చాడు. కొత్త మనిషి వాకిట్లోకి వస్తే మొదట నీళ్లు ఇచ్చేవాడు. రెండో మాట, “మీరు ఎన్ని వేల్పులోళ్లు?” అని.

ఇది చదివే గోండు పిల్లలందరికీ తమది ఏ సగో తెలుసని నేను అనుకోను. అందుకే చెప్తున్నాను. ఏడు వేల్పుల వాళ్లు యేర్వెన్ సగ, ఆరు వేల్పుల వాళ్లు సార్వెన్, ఐదు వేల్పుల వాళ్లు సీవెన్, నాలుగు వేల్పుల వాళ్లు నాల్వెన్. ఒక సగలోని ఇంటిపేర్లన్నీ అన్నదమ్ముల వరుస. పిల్లను ఇచ్చేది, తెచ్చుకునేది వేరే సగ వాళ్లతోనే. కాబట్టి ఎన్ని వేల్పులు అని అడగడం అంటే నిన్ను ఏమని పిలవాలి, నీతో సరసం ఆడొచ్చా, నీ ముందు తలవంచి నడవాలా అని అడగడం. పేరు తర్వాత తెలుసుకోవచ్చు.

ఇప్పుడు దండారి.

దీపావళికి ముందు రోజుల్లో మన ఊళ్లలో ఏత్మాసూర్ పేన్‌కు పూజ చేసి వాయిద్యాలు బయటికి తీస్తారు. గుమేల, పర్రా, వెట్టె, డప్పు, తుడుం, పెప్రె. గుసాడీ వేసేవాళ్లు నెమలి పింఛాల కిరీటం పెట్టుకుంటారు, ఒంటికి బూడిద పూసుకుంటారు, భుజాన జింక తోలు వేసుకుంటారు, చేత సోటా పట్టుకుంటారు. వేషం వేసిన నాటి నుంచి స్నానం ఉండదు. మంచం మీద కూర్చోరు. ఆడవేషం కట్టిన పిల్లగాళ్లు పోరిక్‌లు. అంతా కలిస్తే దండారి. అది తన ఊళ్లో ఆడి ఊరుకోదు, ఇంకో ఊరికి అతిథిగా పోతుంది. దీపావళి అయ్యాక కొలాబొడి చేసి వేషాలు విప్పేదాకా ఇదే పని.

మా ఊరికి దండారి వచ్చిన ఒక రాత్రి నాకు బాగా గుర్తుంది. అప్పటికి నాకు ఎనిమిదేళ్లు ఉంటాయేమో. మొదట చప్పుడు వచ్చింది. వాగు అవతల ఎక్కడో తుడుం. మా పెద్దలు చెవిపెట్టి విని, ఏ ఊరిదో చెప్పేశారు. తుడుం దెబ్బను బట్టి ఊరు పోల్చేవాళ్లు అప్పుడు ఉన్నారు. ఆడవాళ్లు మినుములు నానబోసింది పొద్దునే. అంటే వచ్చేది ముందే తెలుసన్నమాట, కానీ తెలియనట్టే అందరూ హడావిడి పడ్డారు. మా పటేల్, దేవారి, మా దండారి వాళ్లు వాయించుకుంటూ పొలిమేర దాకా ఎదురు పోయారు. రెండు గుంపులు ఎదురుపడి రామ్ రామ్ చెప్పుకుని, ఒక్కొక్కరూ ఆలింగనం చేసుకోవడానికే అరగంట పట్టింది. ఊళ్లోకి వచ్చాక కాళ్లు కడిగారు. వచ్చినవాళ్లలో పాలేరు పని చేసుకునే పిల్లగాడు ఉన్నాడు. వాడి కాళ్లు మా పటేల్ ఇంటివాళ్లే కడిగారు.

ఆ రాత్రి గుసాడీలు మమ్మల్ని తరిమి తరిమి ఏడిపించారు. ఒకడు మా అత్త దగ్గర గారెల గంప ఎత్తుకుపోయాడు. అందరూ నవ్వుతున్నారు, అత్త తిడుతోంది, ఆ తిట్టులో కోపం లేదు. కొంచెం సేపటికి అదే గుసాడీ ముందు మా చిన్నమ్మ జ్వరంతో ఉన్న పిల్లను పడుకోబెట్టింది. వాడు సోటాతో తల నుంచి కాళ్ల దాకా తాకించాడు. ఇందాకటి కోతి చేష్టల మనిషి వీడేనా అనిపించేంత నిమ్మళంగా. మా వలయం గడియారం ముల్లుకు ఎదురు దిక్కున తిరిగేది. నవాహోలు పొయ్యి చుట్టూ పొద్దు దిక్కున తిరుగుతారని చదివినప్పుడు, మనది ఎందుకు ఎదురు దిక్కని మా కాకను అడిగితే, “చేను దున్నేటప్పుడు ఎద్దు ఎట్ల తిరుగుతదో చూడు” అన్నాడు. అది జవాబో, నన్ను వదిలించుకోవడమో ఇప్పటికీ తేలలేదు.

పిల్లలు నిద్రపోయాక అసలు పని జరిగేది. పెద్దలు ఒక పక్క కూర్చుని మాట్లాడుకునేవాళ్లు. ఎవరింట్లో పిల్ల ఎదిగింది, ఎవరి ఎద్దు చచ్చింది, ఎవరి పొలం తగాదా తెగలేదు. దండారి పోయేది ఎక్కువగా వరస కలిసే ఊళ్లకే కాబట్టి పెళ్లి మాటలు అక్కడే మొదలయ్యేవి. ఎంత పెట్టారు, ఎవరు పెట్టారు అన్నది ఎక్కడా రాసుకోరు. కానీ మర్చిపోరు. పోయిన ఏడు మనం వాళ్ల ఊళ్లో తిన్నాం, ఈసారి వాళ్లు రావాలి. పొరుగూరు రెండేళ్లు వరసగా రాకపోతే ఏదో జరిగిందని అర్థం. మనిషిని పంపి కనుక్కునేవాళ్లు. పోస్టాఫీసు, రోడ్డు, పత్రిక లేని కాలంలో ఆదిలాబాద్ అడవుల్లో ఊరికీ ఊరికీ మధ్య వార్త నడిచింది ఇట్లాగే అని నేను అనుకుంటాను. కెస్లాపూర్ నాగోబాకు గోదావరి నీళ్లు తేవడానికి మెస్రం వంశం వాళ్లు జన్నారం దగ్గరి హస్తినమడుగు దాకా నడిచి పోయేటప్పుడు కూడా రాత్రి బసలు ఉంటాయి. ఏ రాత్రి ఎక్కడ ఆగాలో వాళ్లకు తరాల నుంచి తెలుసు. దండేపల్లి మండలం గుడిరేవు దగ్గర గోదావరి గట్టున పద్మల్‌పురి కాకో ఉంది. దండారి గుంపులు అక్కడికి పోయి మొక్కుతాయి. కాకో అంటే అవ్వ. ఆ అవ్వ కాళ్ల దగ్గర పారిన గోదావరే కిందికి దిగి మా గోదావరిఖని పక్కన పారుతోంది.

ఇట్లాంటి ఊళ్లకు 1941లో ఒక వింత అతిథి వచ్చాడు. పేరు క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్. వియన్నాలో 1909లో పుట్టినవాడు. అంతకుముందు నాగా కొండల్లో తిరిగాడు. 1939లో మళ్లీ మన దేశం వచ్చేసరికి రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. ఆస్ట్రియా అప్పటికే జర్మనీలో కలిసిపోయింది కాబట్టి బ్రిటిష్ వాళ్ల లెక్కలో ఆయన శత్రుదేశం మనిషి. నిజాం రాజ్యం దాటి పోకుండా కట్టడి చేశారు. అంటే అతిథిగా వచ్చి చిక్కుబడిపోయిన మనిషి. ఆ కట్టడిలోనే చెంచుల దగ్గర, తర్వాత కొండరెడ్ల దగ్గర ఉండి, చివరికి గోండుల దగ్గరికి వచ్చాడు. ఇప్పటి జైనూర్ మండలం మార్లవాయిలో ఇల్లు వేసుకుని భార్య బెట్టీతో కలిసి ఉన్నాడు.

ఆయన వచ్చే నాటికి మన ఇళ్లలో పుండు పచ్చిగానే ఉంది. అడవికి హద్దులు గీసి, పోడు చేసుకునే ఊళ్లను లేపేసి, బయటి నుంచి వచ్చినవాళ్లకు పట్టాలు రాశారు. దాని మీద నిలబడిన కుమ్రం భీంను 1940లో జోడేఘాట్‌లో కాల్చి చంపారు. అదే కాలంలో అక్కడ నవాహో నేల మీద ఏం జరిగిందో చూడండి. 1930ల్లో అమెరికా సర్కారు, మేత అయిపోతోంది, నేల కోసుకుపోతోంది అని చెప్పి నవాహోల గొర్రెలను, మేకలను, గుర్రాలను లక్షల్లో తగ్గించింది. కొన్నిటిని కొనుక్కుపోయింది. కొన్నిటిని ఇంటివాళ్ల కళ్ల ముందే కాల్చి లోయల్లో వదిలేసింది. గొర్రె అంటే వాళ్లకు తిండి, బట్ట, పిల్లకు ఇచ్చే ఆస్తి. ఇక్కడ అడవి పేరుతో, అక్కడ నేల పేరుతో, రెండు చోట్లా నిపుణులు చెప్పిన మాటే సర్కారుకు వినపడింది. ఆ ఇంట్లో ఉన్నవాళ్లను ఎవరూ అడగలేదు.

హైమెండార్ఫ్ గురించి మన వాళ్లలో రెండు మాటలున్నాయి. దేవుడిలా చూసేవాళ్లు ఉన్నారు. నిజాం పంపిన మనిషే కదా, మళ్లీ భీం పుట్టకుండా చూడ్డానికే కదా అనేవాళ్లూ ఉన్నారు. నాకు రెండో మాటను కొట్టేయాలని లేదు. భీం నెత్తురు పారకపోతే ఆ రాజ్యానికి మన మీద పుస్తకం అవసరమయ్యేదే కాదు. కానీ ఆయన ఆ ఇంట్లో కూర్చుని రాసింది కూడా చూడాలి. కలతకు కారణం గోండుల మొండితనం కాదని, భూమి పోవడమని రాశాడు. తర్వాత గిరిజన వ్యవహారాలకు నిజాం సర్కారు సలహాదారుగా ఉన్నాడు. ఆ రోజుల్లోనే సేతు మాధవరావు పగ్డీ లాంటి అధికారులు గోండి నేర్చుకుని ఊళ్లు తిరిగారు. ఆదిలాబాద్ ఆదివాసులకు లక్షకు పైగా ఎకరాలకు పట్టాలు దక్కాయి. నాగోబా జాతరలో దర్బారు మొదలైందీ ఆ 1940ల్లోనే. తిండి పెట్టిన ఇంటికి అతిథి ఏదో ఒకటి తిరిగి ఇవ్వాలన్న మన లెక్కలో చూస్తే ఆయన కొంత చెల్లించాడు.

ఉపాధ్యాయులు గుర్తు పెట్టుకోవలసింది మాత్రం మార్లవాయి బడి. 1943లో అక్కడ గోండు విద్యా పథకం మొదలైంది. మొదట పెద్దవాళ్లకు, అంటే కాస్తో కూస్తో చదువు వచ్చిన గోండు యువకులకు శిక్షణ ఇచ్చారు. వాళ్లే పోయి ఊళ్లలో బడులు పెట్టారు. కొన్నేళ్లలోనే అవి పదుల సంఖ్యకు చేరాయి. మొదటి వాచకాలు గోండి భాషలో, దేవనాగరి లిపిలో వేశారు. ఆ ఏడాదే, 1943లోనే, రాబర్ట్ యంగ్ అనే భాషావేత్త, విలియం మోర్గన్ అనే నవాహో పండితుడు కలిసి నవాహో భాష మీద వ్యాకరణం, నిఘంటువు కలిపి పుస్తకం తెచ్చారు. అక్కడ హాస్టల్ బడుల్లో సొంత భాష మాట్లాడినందుకు పిల్లలను కొట్టిన రోజులవి. అదే భాషను అమెరికా సైన్యం పసిఫిక్ యుద్ధంలో రహస్య సంకేతంగా వాడుకుంది. జపాన్ దాన్ని విప్పలేకపోయింది. బడిలో నోరు మూయించిన భాష యుద్ధంలో కావలసి వచ్చింది. నవాహోలు తామే కమిటీ ఎన్నుకుని, తమ భాషతో నడుపుకునే మొదటి బడి రఫ్ రాక్‌లో 1966లో వచ్చింది. మనం అంతకు 23 ఏళ్ల ముందే మొదలుపెట్టాం. తర్వాత మన బడి భాష మారిపోయింది, తెలుగు వచ్చింది, గోండి ఇంటికి పరిమితమైంది. వాళ్లు ఆలస్యంగా మొదలుపెట్టి నిలబెట్టుకున్నారు. మార్లవాయిలో మొదటి వాచకం పట్టుకున్న మన తాతల మనవలు ఇప్పుడు నా క్లాసులో గోండి పదం పలకడానికి సిగ్గుపడుతున్నారు.

నవాహోలలో ఒక పాత జోకు ఉంది. నవాహో కుటుంబంలో ఎవరెవరు ఉంటారయ్యా అంటే, అమ్మ, నాన్న, పిల్లలు, ఒక మానవ శాస్త్రవేత్త అని. అంతమంది వచ్చి పోయారు వాళ్ల ఇళ్లకు. మనకు వచ్చింది ఒకాయన, ఆయన వెనక ఇంకొందరు. ఆయన తీసిన ఫొటోలు, రాసుకున్న నోట్సు ఇప్పుడు లండన్‌లో, ఆయన ప్రొఫెసర్‌గా పనిచేసిన సోయాస్ అనే విద్యాసంస్థలో ఉన్నాయి. 1940ల నాటి మన దండారి అక్కడ భద్రంగా ఉంది. మన ఊళ్లలో ఎవరి ఇంట్లోనూ తాత ముత్తాత ఫొటో లేదు. అయినా ఆయన్ను తప్పుపట్టేవాళ్లు ఒక సంగతి మరవకూడదు. బెట్టీ 1987లో హైదరాబాద్‌లో చనిపోతే మార్లవాయిలో సమాధి చేశారు. ఆయన 1995లో లండన్‌లో చనిపోయాడు. 2012లో ఆయన అస్థికలు కూడా తెచ్చి భార్య పక్కనే పెట్టారు. ఏటా జనవరి 11న ఊరు అక్కడ కూడి పూలు పెడుతుంది. రాత్రి బసకు వచ్చిన మనిషిని మట్టిలో చోటిచ్చి ఉంచుకోవడం మన పెద్దలు తీసుకున్న నిర్ణయం. ఏ సర్కారూ చెప్పలేదు.

ఇంకో అతిథి సంగతి చెప్పకపోతే ఇది గోదావరిఖనిలో కూర్చుని రాసిన వ్యాసం కాదు.

1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లందు వైపు బొగ్గు ఉందని కనిపెట్టాడు. ఆయనా అడవిలో గుడారం వేసుకుని, దారి చూపే మనుషుల వెంట తిరిగినవాడే. 1886లో కంపెనీ పుట్టింది, 1920లో దానికి సింగరేణి పేరు వచ్చింది. తవ్వకం గోదావరి లోయ పట్టుకుని పైకి వచ్చింది. బెల్లంపల్లి, మందమర్రి, ఆ తర్వాత 1960ల నాటికి రామగుండం. 1983లో ఇక్కడ ఎన్టీపీసీ మొదటి యూనిట్ వెలిగింది. ఈ ఊరు మాకు అన్నం పెట్టింది. నా జీతం కూడా ఈ బొగ్గు చుట్టూ తిరిగే బతుకులోంచి వచ్చేదే, అది దాచుకోను. బాయి పనిలో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ల ఇళ్లు నాకు తెలుసు. కానీ తల్లి నేల కింద ఏముందో చూడ్డానికి వచ్చినవాడికి, తల్లి చేతి అన్నం తినడానికి వచ్చినవాడికి తేడా ఉంది. మొదటివాడు ఎన్ని వేల్పులని అడిగించుకోడు. తిరిగి పిలవడు. ఓసీపీ వచ్చిన చోట ఊరు లేస్తుంది. లేచిన ఊరికి దండారి ఎటు పోవాలి? నష్టపరిహారం లెక్కల్లో ఇల్లు ఉంటుంది, బావి ఉంటుంది, చెట్టు ఉంటుంది. ఈ ఊరు ఏ ఏ ఊళ్లకు అతిథిగా పోయేది అన్న గడి ఏ ఫారంలోనూ నేను చూడలేదు.

నవాహోలది కూడా ఇదే బాధ, ఇంకా పెద్దగా. బ్లాక్ మేసా అనే పీఠభూమి మీద 1960ల్లో పీబాడీ కంపెనీ బొగ్గు తవ్వడానికి లీజులు తీసుకుంది. అక్కడి బొగ్గును పొడి చేసి, భూమి లోపలి మంచినీటిలో కలిపి, 440 కిలోమీటర్ల గొట్టంలో నెవాడా రాష్ట్రంలోని కరెంటు కేంద్రానికి పారించారు. ఏటా వంద కోట్ల గ్యాలన్లకు పైగా నీళ్లు, ఎడారిలో. 2005లో అది ఆగింది. పక్కనే ఉన్న కయెంటా గని, దాని మీద నడిచిన నవాహో కరెంటు కేంద్రం 2019లో మూతపడ్డాయి. ఇన్నేళ్లూ ఆ కరెంటు దూరపు నగరాలకు పోయింది. దాని తీగల కింద ఉన్న ఎన్నో నవాహో ఇళ్లలో దీపం లేదు. గని మూసినప్పుడు జీతాలు పోయాయని ఏడ్చినవాళ్లూ నవాహోలే, ఊటలు ఎండిపోయాయని మూయమన్నవాళ్లూ నవాహోలే. ఇక్కడ బాయి మూసేస్తారన్న మాట వచ్చినప్పుడు చాయ్ హోటల్ దగ్గర వినపడేది కూడా ఈ రెండు గొంతులే.

ఇప్పుడు మళ్లీ ఆ పిల్లగాడి నవ్వు దగ్గరికి వస్తాను. పైసలిచ్చి మట్టి ఇంట్లో పడుకోవడం ఏమిటని. గొర్రెలు పోయి, గని వచ్చి పోయి, ఉద్యోగం లేక, నవాహో కుటుంబాలు కొన్ని తమ హోగన్ వాకిలి తెరిచాయి. వాటి తీరు ఒకటి గమనించాలి. మాన్యుమెంట్ వ్యాలీ అనే ఎర్రరాళ్ల లోయను నవాహోలు 1958లోనే తమ తెగ పార్కుగా ప్రకటించుకున్నారు. రుసుము తమ ప్రభుత్వానికే పోతుంది. కాన్యన్ డి షే అనే ఇంకో లోయలో వాళ్ల కుటుంబాలు ఇంకా సేద్యం చేసుకుంటాయి. నవాహో మార్గదర్శి లేకుండా బయటివాళ్లు లోపలికి దిగకూడదు. వేసవిలో శీతాకాలపు కథ అడిగితే, చలికాలంలో రండి అంటారు. డబ్బు తీసుకోవడం తప్పు కాదని నాకు అక్కడే అర్థమైంది. ఇల్లు ఎవరిది, కట్టు ఎవరిది అన్నదే చూసుకోవాలి.

మన దగ్గర కూడా జోడేఘాట్, ఉట్నూర్ చుట్టూ పర్యాటకం మాట వినపడుతోంది. గుసాడీని సభల్లో, ఊరేగింపుల్లో చూస్తున్నాం. మార్లవాయికి చెందిన కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది. జీవితమంతా పిల్లలకు ఆ ఆట నేర్పి 2024 అక్టోబర్‌లో కన్నుమూశాడు. దండారి నెలలోనే. అట్లాంటి గౌరవం దక్కినందుకు సంతోషమే. కానీ వేదిక మీద పది నిమిషాలు ఆడించి, బస్సెక్కించి పంపే గుసాడీకి కాళ్లు ఎవరు కడుగుతారు? దండారి రాని నెలలో, ఏత్మాసూర్‌కు చెప్పకుండా, నెమలి కిరీటం తీయమంటే తీయాలా వద్దా? ఇది ఊరు కూర్చుని తేల్చుకోవలసిన విషయం, రాయ్ సెంటర్‌లో మాట్లాడుకోవలసిన విషయం. రేపు ఎవరైనా మన ఊళ్లో ఒక రాత్రి ఉంటామని వస్తే ఏం చూపాలి, ఏం చూపకూడదు, ఏ కథ ఏ కాలంలో చెప్పాలి, వచ్చిన డబ్బు ఎవరి చేతికి పోవాలి అన్నది వాళ్లు వచ్చాక కాదు, రాకముందే రాసి పెట్టుకోవాలి. ఆ పని చేయగలిగింది మన ఊళ్లలో చదువుకున్న పిల్లలే.

క్లాసులో నవ్వని ఆ పిల్లకు నేను ఒక పని చెప్పాను. సెలవులకు ఇంటికి పోయినప్పుడు, మీ కాకో చిన్నప్పుడు మీ ఊరికి ఏ ఏ ఊళ్ల నుంచి దండారి వచ్చేదో అడిగి రాసుకురమ్మన్నాను. నోట్‌బుక్ వెనక అట్ట మీద రాసుకొచ్చింది. మొత్తం పదకొండు ఊళ్లు. ఏడు ఊళ్లు ఇప్పటికీ వస్తాయి. రెండు ఊళ్లతో మాట పడి రాకపోకలు ఆగాయి, ఎందుకో కూడా కాకో చెప్పిందట, అది ఇక్కడ రాయను. మిగిలిన రెండు పేర్ల పక్కన పిల్ల ఏమీ రాయలేదు. ఏమైందని అడిగితే, ఒక ఊరోళ్లు లేచిపోయారంట సార్, ఎటు పోయిన్రో కాకోకు తెల్వదు, రెండోది ఎక్కడుండెనో కూడా యాదికి లేదంటున్నది అంది. ఈ దీపావళికి మళ్లీ ఇంటికి పోతుంది. ఆ రెండో ఊరి సంగతి తెలిసిన ముసలివాళ్లు పక్క గూడెంలో ఒకరిద్దరు ఉన్నారని, అడిగి వస్తానని చెప్పింది.